ఉప్పుమంచుకు తోడు

మా చెల్లె ఉత్తర ధ్రువం దగ్గరికి పోతానన్న రోజు నుంచి అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. పెనుబల్లిలో మా చర్చిలో ప్రతి ఆదివారం లేచి ప్రార్థన మనవి ఇచ్చేది. "మా చిన్నబిడ్డ పోయేకాడ ఓజోన్‌కు చిల్లు పడ్డదంట. ప్రభువు దాన్ని పూడ్చాలె."

అందరూ మోకాళ్ల మీద ఉండి చిల్లు పూడ్చమని వేడుకుంటుంటే నాకు నవ్వూ ఒళ్లుమంటా కలిసి వచ్చేవి. చెల్లె మాత్రం అమ్మ సరేననే దాకా కదలనని కూర్చుంది. ధ్రువంలో ఎండ తిరిగొచ్చే వసంతం దాటిపోతే ఆమె పరిశోధనకు ఆ ఏడు పోయినట్టే.

ఒకరోజు పొద్దున అమ్మ గోరువెచ్చని పాలలో తోడు వేస్తుంటే చెల్లె పీట లాక్కుని పక్కన కూర్చుంది.

"అమ్మా, నువ్వనే చిల్లు ఎక్కడో పైన, దక్షిణం దిక్కు. నేను చూసేది కింద, మంచును ఆనుకొని ఉన్న గాలి. ఆడ మంచుకు సముద్రపు ఉప్పు పట్టి ఉంటది. చలికాలమంతా చీకటే. ఎండ రాంగనే ఆ ఉప్పులకెల్లి బ్రోమిన్ అనే ఆవిరి లేస్తది."

"ఎంత లేస్తదే?"

"నువ్వు వేసిన తోడంత. అది ఓజోన్‌ను తింటది, మళ్ల ఉప్పుమంచు మీద పడి ఇంకింత బ్రోమిన్‌ను లేపుతది. చూస్తుండంగనే ఆ కింది ఓజోన్ దాదాపు ఖతం. గదే బ్రోమిన్ గాలిల ఉన్న పాదరసాన్ని మంచు మీదికి దించుతది. మంచు కరిగితే ఆ విషం నీళ్లల్లకు, చేపలల్లకు. గందుకే కొలవాలె."

నేను కల్లూరు బడిలో తెలుగు చెబుతాను. ఒక్క పద్యం పిల్లల బుర్రకెక్కించడానికి నా తల ప్రాణం తోకకొస్తుంది. ఈ పిల్లేమో పాలగిన్నె ముందు కూర్చుని ధ్రువాన్ని మా వంటింట్లోకి తెచ్చేసింది. ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

అమ్మ గిన్నె మీద మూత పెట్టింది. "పాలకు తోడుంది, ఉప్పుకు తోడుంది. నీకు తోడెవరే ఆడ?"

"మా టీమోళ్లు ఉంటరమ్మా," అంది చెల్లె. అమ్మకు ఆ మాట ఆనలేదు.

"ఇంత దూరం పోయినంక ఆ ఉప్పుమంచు తోడుకోకపోతే?"

"గాలి, ఎండ కుదరకపోతే తోడుకోదు, ఓజోన్ పోదు, కొలిచేదేం ఉండదు. ఉత్త చేతులతో రావాలె."

అమ్మ ఆ రోజు మాత్రం కడుపునిండా తిన్నది.

ఆదివారం మనవుల వేళ అమ్మ ఎప్పటిలాగే లేచింది. చెల్లె సిగ్గుతో తల దించుకుంది.

"ఇన్ని దినాలు నేను తప్పు మనవి ఇచ్చిన," అంది అమ్మ. "పూడ్చే పని లేదు ప్రభువా. మా బిడ్డ ఆడ ఉన్నన్ని దినాలు కింది ఓజోన్ మొత్తం మాయం కావాలె. పిల్లకు నువ్వే తోడుండాలె."

ఏం అడుగుతున్నారో ఎవరికీ తెలియకపోయినా చర్చంతా ఆమెన్ అంది. చెల్లె తలెత్తి అమ్మనే చూస్తుంటే, దాని వంతు ఆమెన్ కూడా నేనే అన్నాను.