మూడు సైట్లలో ఎనిమిది మంచాలు

"మూడింట్లో రెండు తీసేయండి అక్కయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను."

"ఎందుకు తీసేయాలండీ? పేరెక్కించడానికి పైసా అడగట్లేదుగా. ఊరికే వస్తున్నదాన్ని వదులుకోమంటారేంటి?"

"మీ దగ్గరున్నది చింతపండు కాదు, మూడు కొట్లలో పెట్టి అమ్ముకోవడానికి. ఎనిమిదే మంచాలు."

"ఆ ఎనిమిదీ ఖాళీగా ఉన్నాయనే కదా నా ఏడుపు!"

తిరువూరులో మా వీధి మొదట ఉన్న సువార్తమ్మ టీచరుగారి ఇంటర్నెట్ సెంటరులో ఆవిడకీ నాకూ నడిచిన పోట్లాట ఇది. జరిగి చాలా ఏళ్లయింది. మొన్న విస్సన్నపేట బస్సెక్కి కూర్చున్నానో లేదో, సీటు కోసం ఎవరో కిటికీలోంచి విసిరిన తడి తువ్వాలు నా చెంపకు తగిలింది. ఆ సబ్బు వాసన ముక్కుకు తగలగానే తిట్టడానికి నోరు తెరిచి, టీచరుగారు గుర్తొచ్చి నవ్వేశాను. నేను నవ్వడం చూసి తువ్వాలు వేసినవాడే బెదిరిపోయాడు.

టీచరుగారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, వచ్చిన డబ్బుతో నాలుగు కంప్యూటర్లు కొని ఆ సెంటరు పెట్టారు. నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని. మా మేడ మీద ఆడవాళ్ల హాస్టలు నడిపేదాన్ని. అందులో ఉండేది ఎక్కువగా కాలేజీ పిల్లలే. కాలేజీవాళ్లు సొంత హాస్టలు కట్టుకునేసరికి నా మంచాలన్నీ ఖాళీ అయ్యాయి. ఇల్లు ఉమ్మడిది, మేడలో మా మరిదికీ వాటా ఉంది. "నెలాఖరుదాకా చూస్తా వదినా. అప్పటికీ ఇలాగే ఉంటే ఎరువుల బస్తాలు వేసుకుంటా" అన్నాడు. అతనన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఎరువుల వాసన పట్టిన గదిలో ఇంకెప్పటికీ ఏ ఆడపిల్లా పడుకోదని నాకు తెలుసు. బస్తాలు మెట్లెక్కాయంటే హాస్టలు పోయినట్టే. నా గోడు విని, కంప్యూటర్లో హాస్టలు పేరు పెడదామన్నది టీచరుగారే. అప్పుడు ఊళ్లో ఇంటర్నెట్టే కొత్త.

పేరెక్కించిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. పెద్ద సైటు అడిగే ప్రశ్నలన్నీ ఆవిడ చదివి చెప్పేవారు, నేను జవాబిచ్చేదాన్ని.

"ఈతకొలను ఉందా అంటోంది అక్కయ్యగారూ."

"మేడ మీద నీళ్ల ట్యాంకుందని రాయండి."

"పొద్దున టిఫిన్ ఇస్తారా?"

"ఉప్మా. జీడిపప్పు ఉండదని కూడా రాయండి, తర్వాత పేచీలొద్దు."

టీచరుగారు కళ్లజోడు తీసి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నవ్వుతున్నారో విసిగిపోయారో నాకు తెలియలేదు. రాయమన్నది మాత్రం రాశారు. అలా ఆ రోజే మూడు సైట్లలో చేరాం. రెండు పెద్దవి, ఎవరు డబ్బు కడితే వాళ్లకి మనల్ని అడగకుండానే మంచం ఇచ్చేసేవి. మూడోది చిన్నది. అందులో ఆడవాళ్లు ముందు మనకు కబురు పెట్టాలి, మనం ఫోన్ చేసి సరే అంటేనే మంచం ఖాయం. ఆవిడ ఉంచమన్నది ఆ ఒక్కదాన్నే. "మీ దగ్గరికి ఎవరు రావాలో ముందు తేల్చుకోండి. హోటలు కావాలనుకునేవాళ్లు ఆ రెండింట్లో వెతుకుతారు. పరాయి ఊళ్లో ఒక పెద్దావిడ ఉన్న ఇల్లు కావాలనుకునే పిల్ల ఇందులో వెతుకుతుంది" అన్నారు. నేను వింటేనా? చివరికి ఆవిడ నాకు అర్థమయ్యేలా చెప్పారు. "బుకింగంటే బస్సు కిటికీలోంచి తువ్వాలు వేయడమేనండీ. తువ్వాలున్న సీట్లో మనం కూర్చోం కదా. మీరు మీ బస్సుకి మూడు కిటికీలు తెరిచారు. ఒకదాంట్లోంచి తువ్వాలు పడగానే తక్కిన రెండూ మీరే వచ్చి మూయాలి."

అలాగేనన్నాను. కానీ మూయాలంటే సెంటరుకు వెళ్లాలి, కూర్చున్నందుకు డబ్బివ్వాలి. ఆవిడ వద్దంటారు, నాకేమో ఊరికే కూర్చోవడం చేతకాదు. అందుకని వారానికోసారి కూరగాయలకు వెళ్లినప్పుడు చూసుకుంటే చాలుననుకున్నాను. నేను పక్కన లేకుండా, కంప్యూటర్లో నాకొచ్చే బుకింగు ఉత్తరాలు తెరిచే మనిషి కాదావిడ.

నెలాఖరు శనివారం వచ్చింది. మర్నాడు ఊళ్లో ఏదో ఉద్యోగ పరీక్ష. సాయంత్రానికి ఎనిమిదిమంది ఆడపిల్లలు దిగారు, ఎనిమిది మంచాలూ నిండాయి. గర్వంగా గుమ్మంలో నిలబడి ఉండగా టీచరుగారు మరో ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చారు. దారి కోసం వాళ్లు ఆవిడ సెంటరులోనే అడిగారట. ముగ్గురి చేతుల్లోనూ, నేను మూయని ఇంకో పెద్ద సైటులో డబ్బు కట్టినట్టు అచ్చేసిన కాగితాలున్నాయి.

"మంచాల్లేవమ్మా. ఇంకా బస్సులున్నాయి, ఇళ్లకు వెళ్లిపోండి" అన్నాను.

"పొద్దున పరీక్షండీ" అంది ఒక పిల్ల, భుజం మీది బ్యాగు దించకుండానే.

టీచరుగారు నా వైపు తిరిగారు. "మాటిచ్చారు అక్కయ్యగారూ."

"నేనెక్కడిచ్చాను? ఆ పెట్టె ఇచ్చింది."

"మీరు చెప్పమన్నదే పెట్టె చెప్పింది. ముఖం చూడకుండా ఇచ్చినా మాట మాటేనండీ. మీకు కుదరకపోతే చెప్పండి, మా ఇంటికి తీసుకెళ్తాను."

"నా బస్సులో వేసిన తువ్వాళ్లు మీ బస్సులోకెందుకు?" అని, నేనే ఆ పిల్ల భుజం మీది బ్యాగు దించాను. నా మంచం ఒకరికిచ్చాను. కింద హాల్లో చాపలు, బొంతలు వేసి ఇద్దరికి పక్కలు అమర్చాను. కాసేపటికి టీచరుగారు ఇంటి నుంచి దిళ్లు తెచ్చి, వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. అంతమందికి అన్నం వండే గిన్నె నా దగ్గర లేదు. ఉప్మాయే చేశాను. పళ్లెంలో వడ్డిస్తుంటే ఒక పిల్ల, "జీడిపప్పు ఉండదని చదివే వచ్చాం మామ్మగారూ" అంది. ఇల్లంతా గొల్లుమంది. కాలేజీ పిల్లలు వెళ్లిపోయాక మా ఇంట్లో అంత నవ్వు వినడం అదే మొదలు. టీచరుగారికైతే పొలమారింది.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. హాస్టలు మాత్రం నడుస్తూనే ఉంది. ఇప్పుడు సెంటరు అక్కర్లేదు, అన్నీ నా చేతిలోని ఫోనులోనే. కొత్త సైటువాళ్లు ఫోన్ చేసి, "ఊరికేనండీ, చేరండి" అంటుంటారు. "నీ దగ్గర వెతికేదెవరో ముందు చెప్పు నాయనా" అంటాను. నీళ్లు నమిలితే పెట్టేస్తాను. ఇస్తానన్న మంచం మాత్రం, ఎదురుగా ఎంత తెలిసినవాళ్లొచ్చి నిలబడినా కదపను. కబురు పెట్టిన ప్రతి పిల్లకూ నేనే ఫోన్ చేసి, ఏ బస్సుకు దిగుతుందో కనుక్కుంటాను. ఇవన్నీ ఆవిడ పెట్టిన అలవాట్లే. ఖర్చు లేనిది కదా అని ఇంటికి తెచ్చుకోబోయిన వస్తువులెన్నో ఆవిడ మాట గుర్తొచ్చి కొట్లోనే వదిలేశాను.

అప్పటి ఆ పరీక్ష రోజు పొద్దున్నే మా మరిది ట్రాక్టరు నిండా బస్తాలతో వచ్చాడు. స్నానాల గది దగ్గర మొదలైన వరస మేడ మెట్ల దాకా ఉంది. "ఏంటి వదినా, ఇంతమంది!" అన్నాడు. "నెలాఖరుదాకా చూస్తానన్నావుగా, చూసుకో" అన్నాను. తల గోక్కుని, "సరే, ఇంకో నెల చూద్దాంలే" అని ట్రాక్టరును ఎ.కొండూరు రోడ్డుకు మళ్లించాడు. పిల్లలు తిని, నాకు చెప్పి పరీక్షకు వెళ్లారు. టీచరుగారు చర్చి నుంచి వచ్చి సెంటరు షట్టరు తీసేసరికి నేను అక్కడి మెట్ల మీద కూర్చుని ఉన్నాను. "ఆ రెండు కిటికీలూ మూసేయండి" అన్నాను. ఆవిడ పెద్ద సైట్లు రెండింట్లోంచీ మా పేరు తీసేసి, చిన్నదాన్ని ఉంచారు.