చెల్లిని ఔట్ చేయించిన అత్త

మా ఎదురింటి అత్త మంగళవారం తెల్లవారుజామున పోయింది. హార్బర్‌కి వెళ్ళే ఆటో ఎక్కబోతూ, బుట్ట చేతిలో ఉండగానే కూలిపోయిందట. నేను లేచేసరికి మా మల్కాపురం వీధిలో షామియానా వేస్తున్నారు.

ఆమె మాకు చుట్టం కాదు. చేపలమ్మే మనిషి. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, స్నానం చేసి, సాయంత్రమంతా అరుగు మీద కూర్చునేది. వీధి పిల్లల ఆటలన్నీ ఆమె ముందే జరిగేవి.

మా చెల్లికి పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. ఇప్పుడు పద్నాలుగేళ్ళు, మాట మాత్రం నాలుగేళ్ళ పిల్లది. అమ్మ తనని గేటు దాటనిచ్చేది కాదు. నాలుగేళ్ళ కిందట ఒకరోజు అత్తే వచ్చింది. "ఏటొదినా, గుంటని బీరువాలో పట్టుచీరలాగ దాసీసినావు?" అని చెల్లి చేయి పట్టుకుని తీసుకెళ్ళిపోయింది.

పిల్లలు మంచివాళ్ళే. తనని ఆటలో అరటిపండు చేశారు. అంటుకున్నా ఔట్ లేదు, దొంగ పెట్టడం లేదు. చెల్లి ఊరికే వాళ్ళ మధ్య పరిగెత్తేది. మాకది దయగానే కనిపించింది. అత్తకే నచ్చలేదు.

"ఒరే, దాన్ని ముట్టుకున్నావు కదా, ఔటని సెప్పవేటి?"

"అది అరటిపండత్తా. పాపం, దానికేటీ తెల్దు."

"పాపం నీ మొకం! నువ్వు సెప్పకపోతే ఎలా తెలుత్తాదిరా? రేపట్నుంచి నిన్నూ అరటిపండు సేత్తాను, ఉండు."

మొదటిసారి ఔటైనప్పుడు చెల్లి నేలమీద పడి ఏడ్చింది. ఔట్ చేసిన పిల్లని కొరికింది. అమ్మ పరిగెత్తబోతే అత్త చేయి అడ్డం పెట్టింది. "ఏడవనీయొదినా. ఆడినోళ్ళే కదా ఓడిపోతారు."

చాలా నెలలు పట్టింది. తన వంతు వచ్చేదాకా ఆగడం చెల్లికి మెల్లగా వచ్చింది. ఒక సాయంత్రం, తను కొరికిన పిల్లే పడి మోకాలు గీరుకుంటే, పరుగు ఆపి కూర్చుని ఆ మోకాలి మీద ఊదింది. ఆ రాత్రి అమ్మ అన్నం తినకుండా చెల్లిని చూస్తూ కూర్చుంది.

అత్త నన్నూ పిలిచేది. "పుస్తకాల పిల్లా, నువ్వూ రాయే. ఆ అచ్చరాలు ఎక్కడికీ పారిపోవులే." నేను నవ్వి కిటికీ దగ్గరే ఉండిపోయేదాన్ని. అత్త ఉంది కదా అనుకునేదాన్ని.

అప్పటి పిల్లలు పెద్దవాళ్ళయి ఆటలు మానేశారు. ఇప్పుడు వీధిలో ఆడేవాళ్ళు కొత్త పిల్లలు. అత్త పోయిన మూడోరోజు అందులో ఒకమ్మాయి నాతో మర్యాదగానే చెప్పింది. "అక్కా, తనొస్తే ఆట అవ్వట్లేదు." వాళ్ళకేం చెప్పాలో నాకు తెలుసు. అత్త అన్న మాటలన్నీ గుర్తున్నాయి. చెల్లి చేయి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చేశాను.

నిన్న వాళ్ళే వచ్చి చెల్లిని పిలిచారు. దాగుడుమూతల్లో దొంగని చేశారు. నాకు సంతోషమేసింది. చెల్లి గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని లెక్క మొదలుపెట్టింది. తనకి ఏడు తర్వాత రాదు, మళ్ళీ ఒకటికి వెళ్ళిపోతుంది. అత్త ఉన్నప్పుడు అరుగు మీంచి "ఎనిమిది" అని అందించేది.

పిల్లలు కాసేపు దాక్కున్నారు. తర్వాత నవ్వుకుంటూ ఒక్కొక్కరే ట్యూషన్‌కి వెళ్ళిపోయారు. నేను గేటు దాకా వచ్చాను. ఎనిమిది అని అందించాలనుకున్నాను. అందిస్తే తను పది దాకా వెళ్తుంది. కళ్ళు తెరుస్తుంది. వెతకడం మొదలుపెడుతుంది.

వీధిలైట్లు వెలిగాయి. చెల్లి గోడకి నుదురు ఆనించి, ఐదు, ఆరు, ఏడు అంటోంది. మళ్ళీ ఒకటి.