మూడో బటన్

శనివారం, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలు. రాజమండ్రిలో ఒక కంప్యూటర్ ఆఫీసు మూడో అంతస్తు హాల్లో, అరటి గెలల గురించి నేను ఆడిన అబద్ధం తెర మీద పడింది. టైము ఎందుకు గుర్తుందంటే తెర పక్కనే గడియారం ఉంది. తెర వైపు చూడలేక దాన్ని చూశాను.

నా పని గెలలు చూడడం. రావులపాలెం చుట్టూ తోటల్లో నలభై ఏళ్ళు తిరిగి, ఏ గెల ఇవాళ కొయ్యొచ్చు, ఏది ఇంకో వారం ఆగాలి అని చెప్పేవాణ్ణి. కాయ మీద పలకలు నిండి ఎంత గుండ్రబడ్డాయో చూడాలి. కొసన ఎండిన పువ్వు వేలు తగిలితే రాలుతుందో లేదో చూడాలి. దూరం పోయే లారీకైతే ముందే కొయ్యమని, ఊళ్ళో కొట్టుకైతే ఇంకా ఆగమని చెప్పాలి. మోకాళ్ళు పట్టేశాక మానేశాను.

అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. అప్పటిదాకా వేలిముద్రే. మా ఆవిడ రోజూ పేపరు చదివే మనిషి. షుగరుతో చూపు మసకబారుతుంటే, పూర్తిగా పోకముందే నన్ను కూర్చోబెట్టి దిద్దించింది, తర్వాత నేను చదివి వినిపించాలని. తప్పు చదివితే "ఆ మాట అక్కడ ఉండదు, మళ్ళీ చూడు" అనేది. ఆరేళ్ళు చదివాను. ఆవిడ పోయి మూడేళ్ళు. పేపరు ఇంకా వస్తుంది. మనసులో చదువుకోవడం నాకు రాలేదు. పైకి చదివితే ఖాళీ ఇంట్లో నా గొంతు నాకే బాగుండదు.

కిందటేడు వానలు తగ్గాక ఒక అమ్మాయి వచ్చింది. ఇంజనీరింగ్ చదివి, ఇంకొక స్నేహితుడితో కలిసి సొంత కంపెనీ పెట్టుకుంది. గెలకి ఫోను చూపిస్తే కొయ్యాలో ఆగాలో ఫోనే చెప్పే యాప్ చేస్తోందట. దానికి ముందు ఎవరో ఒకరు వేల ఫొటోలు చూసి చెప్పాలి. ఆ చెప్పినదాన్ని బట్టి అది నేర్చుకుంటుంది.

"అంటే నా కన్ను తీసి దానికి పెడతావా?" అన్నాను.

"మీది మీకే ఉంటుందండి తాతగారూ. కొంచెం చూపిస్తే చాలు."

ఒక్కో ఫొటో కింద మూడు బటన్లు. కొయ్యొచ్చు, ఆగాలి, చెప్పలేను. "మీరు చెప్పండి, నేను నొక్కుతాను" అంది. నాకు చదువు రాదనుకుంది. వచ్చని నేను చెప్పలేదు. చెబితే ఫోను నా చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది.

రోజూ ఐదింటికి స్కూటర్ మీద వచ్చేది. నేను టీ పెట్టేవాణ్ణి.

"టీలో పంచదార వేశారా, పంచదారలో టీ వేశారా?"

"తాగు. లేకపోతే కన్ను పని చెయ్యదు."

"తాగేది నేను కదండీ."

ఫొటోలు తరిగిపోతున్నాయని తెలిసిన రోజు నుంచి నేను చెప్పలేను అనడం మొదలుపెట్టాను. అలా అన్నవాటిని ఇంకోరోజు మళ్ళీ తెచ్చి చూపించేది. చక్కెరకేళి గెల, కాయలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి, ఎవరైనా చెబుతారు. దానికీ కళ్ళు చికిలించి "తెలియట్లేదమ్మా" అన్నాను. అలా మూడు నెలలు గడిచాయి.

ఒకరోజు ఇక చాలని మా స్నేహితుడు అన్నాడండి, శనివారం మీటప్‌లో చూపిస్తున్నాం, మీరు రావాలి అంది. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళూ, కొత్తగా కంపెనీలు పెట్టినవాళ్ళూ నెలకోసారి కూడి, ఎవరి పని వాళ్ళు మిగతావాళ్ళకి చెప్పుకునే సభ అది. రావులపాలెం గెలల వ్యాపారి ఒకాయన కూడా వస్తున్నాడట. నచ్చితే తన తోటలన్నిటికీ పెట్టించుకుంటానన్నాడట. "ఆయన కాదంటే మేం మూసెయ్యడమేనండి" అని ఆ శనివారం హాలు మెట్లెక్కుతూ చెప్పింది.

గుమ్మం దగ్గర పేరు రాసుకోమని అందరికీ స్టిక్కర్లు ఇచ్చారు. నేను పెన్ను తీసుకుని నా పేరు రాసుకుని చొక్కాకి అంటించుకున్నాను. ఆ అమ్మాయి చూసింది. ఏదో అడగబోయి, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

ముందు ఒకతను రొయ్యల చెరువుల గురించి, తర్వాత ఒకతను ఆస్పత్రి టోకెన్ల గురించి మాట్లాడారు. నా పక్క కుర్చీ ఖాళీ. ముందు వరసల్లో కుర్రాళ్ళు ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని వింటున్నారు. ఆ అమ్మాయి వంతు వచ్చింది. తెర మీద మూడు కడ్డీలు లేచాయి, ఒక్కో బటన్ ఎన్నిసార్లు నొక్కామో చూపిస్తూ. మూడోది దాదాపు రెండోదాని ఎత్తు ఉంది.

"ఇవన్నీ అంత అనుభవం ఉన్న మా తాతగారు కూడా చెప్పలేకపోయినవండి. వీటి దగ్గర మా యాప్ కూడా తడబడుతోంది."

వ్యాపారి వెనక్కి తిరిగాడు. "ఏంటి బాబాయ్, నడుస్తూ నడుస్తూ చెప్పేవాడివి. కన్ను తుప్పు పట్టిందా?" హాల్లో అందరూ నవ్వారు. ఆయన ఆ అమ్మాయితో, "నేర్పినాయనకే తెలియకపోతే ఫోనుకేం తెలుస్తుందమ్మా. ఇంకోసారి చూద్దాం" అని కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాడు.

నేను లేచాను. మైకు ఇవ్వబోతే వద్దన్నాను.

"నాకు తెలుసు. అందులో చెప్పలేనన్నవన్నీ నాకు తెలుసు. చెబితే పని అయిపోతుంది, అయిపోతే ఈ అమ్మాయి మా ఇంటికి రాదు. అందుకని చెప్పలేదు."

నవ్వు ఆగింది. అందరూ నన్ను చూశారు. ఆ అమ్మాయి మాత్రం కిందకి చూసింది.

"అయితే ఇప్పుడు చెప్పు" అన్నాడు వ్యాపారి.

మూడో కడ్డీలోని ఫొటోలు ఆ అమ్మాయి ఒక్కొక్కటే తెర మీద వేసింది. కొయ్యొచ్చు. ఆగాలి. ఆగాలి. ఒకదానికి ఆయన కొయ్యొచ్చన్నాడు, నేను ఆగాలన్నాను. "ఒరిస్సా లారీకైతే నీది, మన కొట్టుకైతే నాది" అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "మిగతావి కూడా చెప్పించి పట్రామ్మా" అన్నాడు.

తర్వాత టీ, సమోసాలు ఇచ్చారు. ఆ అమ్మాయి నా స్టిక్కర్ చూస్తూ, "మీకు చదవడం కూడా వచ్చా?" అంది.

"వచ్చు."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "అయితే మంచిదేనండి. నా పాత ఫోను మీ దగ్గర ఉంచుతాను, ఫొటోలు దానికే పంపుతాను. మీరే చదువుకుని నొక్కెయ్యండి. నేను అంత దూరం రానక్కర్లేదు" అంది. ఆ మాటలో తప్పేం లేదు. పని చేసుకునే పిల్ల.

పన్నెండు రోజుల్లో అన్నీ చెప్పేశాను. మూడో బటన్ ఒక్కసారీ నొక్కలేదు. సాయంత్రం ఐదింటికి కూర్చుని, పైకి చదువుతూ నొక్కేవాణ్ణి. టీ ఒక్క గ్లాసే పెట్టుకున్నాను. వ్యాపారి ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆయన తోటల్లో ఫోనే చెబుతోందట, ఎవరూ నన్ను అడగక్కర్లేదు.

ఆ సాయంత్రం హాల్లో ఎవరెవరున్నారో రాస్తాను. పేర్లు వాళ్ళ చొక్కాల మీద ఉన్నాయి, నేను రాయను. రొయ్యల చెరువులతను. ఆస్పత్రి టోకెన్లతను. స్టిక్కర్లు పంచి, ఆఖర్న సమోసాలు కూడా పంచిన అమ్మాయి. తెర పని చూసుకున్నాయన. లాప్‌టాప్ కుర్రాళ్ళు, మూడు వరసల్లో. రావులపాలెం వ్యాపారి. ఆ అమ్మాయితో కలిసి కంపెనీ పెట్టిన స్నేహితుడు, నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. టీలో పంచదార గురించి నన్ను ఆటపట్టించిన అమ్మాయి. చివరి వరసలో, ఖాళీ కుర్చీ పక్కన, నేను.