వంతెన ఎక్కలేని కారు

విజయనగరంలో మా అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయని ఫోను వచ్చింది. ఊళ్లో ఎక్కడికైనా బస్సులోనే తిరిగే నేను బోయిన్‌పల్లిలో సాఫ్ట్‌వేర్‌వాళ్లను తిప్పే అద్దె కారెక్కి, సికింద్రాబాద్ స్టేషనుకు పోనిమ్మన్నాను. దారిలో డ్రైవరు ముందు పసుపురంగు హెచ్చరిక దీపం వెలిగింది. కారు నల్లటి పొగ కక్కుతూ మందగించింది.

“ఏమైంది నాయనా?”

“పొగను జెరంత మల్ల ఇంజన్లకు తిప్పే వాల్వు ఉంటదమ్మా. మసి పట్టి మూసుకుంటలేదు. మంచి గాలి అందక ఇంజన్‌కు దమ్ము తగ్గింది.”

వంతెన ఎత్తు రాగానే, మా వైపు ఎత్తుల్లో బండి దిగి నడిచే అలవాటు కొద్దీ, బరువు తగ్గిద్దామని తలుపు తీయబోయాను.

“ఏందమ్మా! నిన్ను నడిపిచ్చి ఖాళీ బండి ఎక్కిస్తనా? ఇజ్జత్ పోతది, కూసో!”

“నీ ఇజ్జత్ కోసం నా రైలు పోవాలా?” అని కసిరాను.

కారు పాకుతూనే వంతెన దాటి స్టేషను చేరింది. దిగీ దిగగానే నా సంచీ లాక్కుని నాకంటే ముందు అతనే పరుగెత్తాడు. రైలు కదలబోతుంటే, సంచీ లోపల పడేసి, నాకు చెయ్యందించాడు.