కెప్టెన్ ఇంటికి ఫైరింజను

కులాంబాలో కెల్విన్ ట్రెగెంజాను ఎరుగనివారు లేరు. మా ఊరి ఫైరింజను దళానికి ఆయనే కెప్టెన్. జీతం లేని కొలువైనా, సైరన్ మోగితే తింటున్న కంచం వదిలి పరిగెత్తేవాడు. గోధుమల గోదాము అంటుకున్నప్పుడు అందరికంటే ముందు నిలబడింది ఆయనే. మండుతున్న చర్చిలోంచి పియానోను బయటికి లాగిందీ, పబ్బు కప్పు మీంచి దాని యజమానిని దింపిందీ ఆయనే. ఇంటింటికీ పొగ అలారం బిగించిందీ ఆయనే. దళంలో ఎవరింటికి ఫైరింజను రావలసివస్తే, వాళ్ళు మిగతావారికి పెట్టెడు బీరు ఇప్పించడం ఆనవాయితీ. కెల్విన్ అందరి బీరూ తాగాడు, తాను మాత్రం ఒక్కనాడూ ఇప్పించలేదు. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు ఆయన ఛాతీ రెండింతలయ్యేది.

తన ఇంట్లో అలారాన్ని మాత్రం ఉత్సాహం పట్టలేక వంటింటి గుమ్మం నెత్తినే బిగించాడు. రొట్టెముక్క కాస్త ఎర్రబడితే చాలు, అది గీపెట్టేది. కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరి విసిరి ఆయన భార్య నోయెలీన్‌కు భుజం పడిపోయింది.

"దాన్ని నడవలోకి మార్చవయ్యా, పుణ్యముంటుంది," అని ఆదివారం పొద్దున మళ్ళీ అడిగింది.

"కెప్టెన్ ఇంట్లో అలారం మూలన కూర్చోకూడదే. మోగితే, బళ్ళో పిల్లలకు నేను చెప్పినట్టు చెయ్యి."

"ఏం చెప్పావేంటి?"

"బయటికి నడువు, ఉత్తరాల పెట్టె దగ్గర ఉండు, ఫైరింజనుకు ఫోన్ చెయ్యి. ఆలోచించకు."

"సరే. ఆ మాట మీదే ఉండు మరి."

మధ్యాహ్నం నోయెలీన్ గొర్రెమాంసం పెనం మీద వేసింది. అలారం గీపెట్టింది. ఆమె తువ్వాలు ముట్టుకోలేదు. పొయ్యి కట్టేసి, బయటికి నడిచి, ఫోన్ చేసింది. పెరటి షెడ్డులో గడ్డి కోసే యంత్రంతో కుస్తీ పడుతున్న కెల్విన్‌కు ఆ రొదలో అలారం వినబడలేదు. ఊరి సైరన్ మాత్రం వినబడింది. వెనక సందులోంచి కారు తీసి స్టేషనుకు ఉరికాడు.

"ఎక్కడ్రా?" అన్నాడు హెల్మెట్ పెట్టుకుంటూ.

డ్రైవరు డారిల్ పెదవి కొరుక్కున్నాడు. "దగ్గర్లోనే. ముందు ఎక్కండి కెప్టెన్."

"ఎవడో బుద్ధిలేనివాడు పొయ్యి మీద ఏదో మాడబెట్టుంటాడు."

"అలాంటి మనిషే అనుకుంటా."

"మనవాడే అయితే బాగుణ్ణు. బీరు తాగి ఎన్నాళ్ళయిందో."

"మీ నోటి మాట ఊరికే పోదు లెండి," అన్నాడు డారిల్. వెనక కూర్చున్నవాళ్ళు హెల్మెట్లు ముక్కుల మీదికి లాక్కున్నారు.

బండి మలుపు తిరిగింది. తన కంచె, తన గులాబీలు, ఉత్తరాల పెట్టె పక్కన మడతకుర్చీలో టీ తాగుతూ తన భార్య.

"ఇదేంటే?"

"ఆలోచించొద్దన్నావుగా. ఆలోచించలేదు."

కెల్విన్ గడియారం చూసుకుని, "ఇంత తొందరగా మనం ఏ ఇంటికీ చేరలేదు, గమనించారా?" అన్నాడు గంభీరంగా.

"గమనించాం. బీరు చల్లగా ఉండాలి," అన్నాడు డారిల్.

కారేమో స్టేషను దగ్గర ఉండిపోయింది. ఫైరింజనులో బీరు మోయకూడదని నియమం పెట్టిందీ ఆయనే. అందుకని పసుపుపచ్చ యూనిఫారంతోనే పబ్బుకు నడిచి, పెట్టె భుజాన వేసుకుని, పలకరించిన ప్రతివాడికీ కథ మొదటినుంచీ చెప్పుకుంటూ తిరిగొచ్చాడు. వచ్చేసరికి నోయెలీన్ అలారం కింద కుర్చీ వేసి, స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడి ఉంది.

"ముందు ఇది ఎక్కు," అంది. "బీరు తరవాత."