గుక్కెడు నీళ్ళివ్వని పెళ్ళాం

ఆ రోజు మా ఆయన డ్యూటీకి బయల్దేరుతూ, షర్టు ఒక పక్క చేతిలోకే తన రెండు చేతులూ దూర్చాలని చూస్తూ నిలబడిపోయారు. "ఏటండీ ఆ ఏషాలు?" అంటే నవ్వారు. ఆ నవ్వు ఆయనది కాదు. "మమ్మీ, పాపా కో క్యా హో గయా?" అంటూ, నాన్నకేమైందని మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

మాది హిందీవాళ్ళ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో బర్మామైన్స్ అనే బస్తీ. ఆయనది ఇనుము కరిగించే ఫర్నేస్ దగ్గర కాంట్రాక్టు పని. దాహం వేసేదాకా ఆగకూడదు, ముందే తాగాలి, అక్కడ అందరూ పాటించే సూత్రం అది. ఇంట్లో ఉన్నా చెంబు పక్కనే ఉంటుంది. మే నెల కూడానేమో, గల్లీ అంతా చేరి ఎండదెబ్బని తీర్మానించేసింది. నిమ్మరసం, పల్చటి మజ్జిగ, గ్లూకోజ్ నీళ్ళు పట్టించాం. సాయంత్రానికి వాంతులు, మాట ముద్ద. దగ్గర్లో ఉన్న నర్సింగ్‌హోమ్‌లో గ్లూకోజ్ ఎక్కించారు. తెల్లారేసరికి నన్ను చూసి "నువ్వెవరమ్మా?" అన్నారు. ఎవరి మాటా వినకుండా ఆ పూటే ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడ రక్తం చూశారు. సోడియం నూట పన్నెండు. నూట ముప్పై అయిదు పైన ఉండాలట. ఐసీయూలో వేశారు. ఉప్పు తగ్గితే ఉప్పు పెట్టక ఇదంతా ఏమిటని డాక్టర్‌తో వాదానికి దిగాను.

"ఉప్పు తగ్గడం కాదు మేడమ్, నీళ్ళు ఎక్కువయ్యాయి" అన్నాడాయన హిందీలో. "ఏడీహెచ్ అనే హార్మోన్ ఉంటుంది. నీళ్ళు వదలొద్దని కిడ్నీకి చెప్తుంది. ఒంట్లో నీళ్ళు చాలాక అది అణగాలి. ఈయనకి అణగడం లేదని మా అనుమానం."

"అయితే ఒక్కసారే సోడియం ఎక్కించెయ్యండి."

"గబగబా పెంచితే మెదడు దెబ్బతింటుంది. మీరు కాస్త ఆగండి."

ఆగడం నాకు చేతకాని పని. గాజు తలుపు బయట కూర్చుని, లోపల ఆయన కాళ్ళు కదులుతున్నాయో లేదో చూస్తూ ఆగాను.

మూత్రం చిక్కదనం చెప్పే యూరిన్ ఆస్మొలాలిటీ, థైరాయిడ్, కార్టిసాల్, అన్ని పరీక్షలూ చేశారు. ఏడీహెచ్ రక్తపరీక్ష అందరికీ అక్కర్లేదుట. ఈయన ముందునుంచీ అంతంత నీళ్ళు తాగేవారు కాబట్టి, ఇది అతిగా నీళ్ళు తాగడం వల్లా హార్మోన్ వల్లా అన్నది తేలక రాశారు. ఆ రక్తం తీసిన వెంటనే ఐస్‌లో పెట్టాలి, చల్లగానే కోల్‌కతా ల్యాబ్‌కి చేరాలి. మొదటి శాంపిల్ వేడెక్కిందని పారేశారు. రెండోసారి తీసేటప్పుడు "ముందు ఐస్ చూపించు, తర్వాత సూది" అన్నాను. ల్యాబ్ అతను నన్ను మనసులో ఏమనుకున్నాడో నాకు తెలుసు. అనుకోనీ.

రిపోర్టు రాకముందే, సోడియం కాస్త ఎక్కాక ఇంటికి పంపారు. రోజు మొత్తానికి నీళ్ళు ఎనిమిది వందల ఎంఎల్ దాటకూడదన్నారు. మందుకి, టీకి, పప్పుచారుకి, అన్నిటికీ కలిపి అంతే. ఆ ఎండల్లో! ఆయన తడి తువ్వాలు నోట్లో కుక్కుకుని పీల్చేవారు. "ఒక్క గుక్కే" అని నా కాళ్ళు పట్టుకోబోయారు. స్నానానికి వెళ్తే తలుపు మూయనిచ్చేదాన్ని కాదు. కుళాయికి నోరు పెట్టేస్తారని భయం.

అప్పుడు ఊళ్ళోనే అవతల ఉన్న మాంగో పేట నుంచి మా వదిన దిగింది. ఆయన అక్క.

"పెదాలు పగిలిపోనాయి! నా తమ్ముడికి గుక్కెడు నీళ్ళియ్యవేటే? సచ్చిపోయేవోడికైనా నోట్లో నీళ్ళు పోత్తారే!"

"డాక్టర్ వద్దన్నాడొదినా."

"డాక్టరు అన్నాడో, నీ నోరే అందో! ఆడిని సాధించడానికి ఇదొక వంక నీకు."

ఇంటికి చుట్టాలొస్తే నీళ్ళ చెంబు ఎదురుతెచ్చే జాతి మాది. నీళ్ళు లేవన్న ఆడదాన్ని ఎవరు నమ్ముతారు? నేను మందులకి బజారుకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ తమ్ముడికి కొబ్బరినీళ్ళు పట్టింది, చెంబుల కొద్దీ మంచినీళ్ళు పట్టింది. ప్రేమతోనే. మర్నాడు అన్నం కలుపుతూ కలుపుతూ ఆయన ఫిట్స్‌తో కంచం మీదకి ఒరిగిపోయారు.

మళ్ళీ ఐసీయూ. ఈసారి ఆయన దక్కరనే అనుకున్నాను. డాక్టర్ బయటికి రాగానే వదిన జబ్బ పట్టుకుని ముందుకి నెట్టాను. "నాకు కాదు, ఈవిడకి చెప్పండి."

ఏడీహెచ్ రిపోర్టు ఆ పూటే వచ్చింది. సోడియం అంత పడిపోయినా హార్మోన్ ఎక్కువే ఉంది. "అమ్మా, మీ తమ్ముడికి తాగిన నీళ్ళు బయటికి పోవు, మెదడులోకి ఊరతాయి. మీరిచ్చింది అక్కడికే చేరింది" అన్నాడాయన. వదిన కొంగు నోట్లో కుక్కుకుని గోడవారగా కూలబడింది. గెలిచానన్న సంతోషం నాకు రవ్వంత కూడా కలగలేదు. ఆవిడ పక్కనే నేనూ కూలబడ్డాను.

ఆయన బతికారు. హార్మోన్ ఎందుకు అణగడం లేదో ఇప్పటికీ తెలీదు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్నా ఇలా అవుతుందని సీటీ తీశారు. ఏమీ లేదు. "ఇప్పటికి లేదు" అన్నాడు డాక్టర్. ఆ 'ఇప్పటికి' అన్న మాటతోనే కాపురం చేస్తున్నాను. ఫర్నేస్ పని పోయింది. సోడియం ఒక్కోసారి ఏ కారణం లేకుండా జారిపోతుంది. మాట కాస్త తడబడితే చాలు, రక్తపరీక్షకి లాక్కుపోతాను.

మీ ఇంట్లో ఎవరికైనా నీళ్ళు తగ్గించమంటే, ఒక్క పని చెయ్యండి. ఇంటిల్లిపాదినీ, వచ్చే పోయే చుట్టాలతో సహా, డాక్టర్ ఎదుట నిలబెట్టి ఆ మాట ఆయన నోటితోనే చెప్పించండి. ఒక్క పెళ్ళాం చెవిలో చెప్తే అది వైద్యం అవదు, గయ్యాళితనం అవుతుంది. ఆ తేడాకి మా ఆయన ప్రాణం పోబోయింది.