గంగాళం కింద బాపు

మధ్యాహ్నం రెండు గంటలకు మా ఊళ్లో సైరన్ మోగుతుంది. ఓపెన్‌కాస్టు గనిలో మందు పేల్చేముందు మోగే సైరన్ అది. మోగగానే అన్నం పొయ్యి మీదే వదిలేసి, పసిపిల్లల్ని చంకనేసుకుని, ఊరంతా అవతలి పక్కనున్న మామిడితోట దాకా ఉరుకుతుంది. మా బాపు మాత్రం ఇంట్లోనే ఉంటాడు. లేవలేడు కాబట్టి.

ఆయన తొడ విరిచింది కూడా గనిలోంచి ఎగిరొచ్చిన రాయే. కొబ్బరికాయంత ఉంటుంది. పెంకులు పగలగొట్టుకుని వచ్చి, అన్నం తింటున్న మనిషి తొడ మీద పడింది. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పప్పు గోడంతా చిమ్మింది. బాపు పంచె కళ్లముందే ఎర్రబడింది. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. దాన్ని లోపలికి నెట్టబోతే నన్ను కన్న అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కరీంనగర్‌లో రాడ్ వేశారు. కాలు మిగిలింది గానీ నిలబడే కాలు కాదు.

అప్పటినుంచి సైరన్ మోగితే అవ్వ ఇత్తడి గంగాళం బోర్లించి బాపు తల మీద, ఛాతీ మీద మూతలా పట్టుకుంటుంది. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంటుంది. ఆమె నెత్తి మీద మాత్రం ఏమీ ఉండదు. భూమి కదులుతుంది, గోడలు ఊగుతాయి, పెంకుల ముక్కలు గంగాళం మీద టంగు టంగున పడతాయి. లోపల్నుంచి బాపు, "ఇయ్యాల మందు ఎక్వ వెట్టిండ్లు," అంటాడు.

ఆయనకు తెలుసు. భూగర్భ గనిలో ఆయన పని అదే, బొగ్గుకు మందు పెట్టి పేల్చడం. రిటైరయ్యేదాకా చేశాడు. చిన్నప్పుడు నేను అడిగేదాన్ని, భయం కాదా బాపూ అని. "భయమెందుకు బిడ్డా? ఒక్కొక్కణ్ణి పేరువెట్టి పిలుస్త. అందరు బయటనే ఉన్నరా అని అడుగుత. ఒక్కడు పలుకకున్నా ముట్టియ్య," అనేవాడు. ఒకసారి పలకని మనిషి కోసం అలా పేల్చకుండా ఆగితే, పైఅధికారి వచ్చి చెంప మీద కొట్టాడట. దెబ్బ తిని కూడా ముట్టించలేదు. ఆ మనిషి గని లోపలే పక్క గల్లీలో నిద్రపోతూ దొరికాడు.

నేను టౌన్లో ఉంటూ, కోర్టు ఎదుట టైపింగ్ షాపులో పని చేస్తాను. బాపు కేసు కాగితం నేనే కొట్టాను. జీవించే హక్కు, ఆరోగ్యం, మనిషి గౌరవం అని వకీలు చెబుతుంటే, అంతకుముందు ఎందరికోసమో కొట్టిన అవే మాటలను ఆ రోజు ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. మేం అడిగింది ఒక్కటే. ఊరిని వేరేచోటికి తరలించేదాకా, కనీసం కదల్లేని మనుషుల్ని ముందు బయటికి తెచ్చేదాకా, మందు పేల్చొద్దు అని. గని కంపెనీవాళ్లు ఆ రాయి తమ గనిదేనని ఆధారమేంటన్నారు. ఊరు సురక్షిత దూరంలోనే ఉందన్నారు. అయితే ఇళ్లకు పగుళ్లున్నాయో లేవో చూసి రమ్మని కోర్టు ఒక వకీలును కమిషనర్‌గా పంపింది.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే బస్సు దిగి ఇంటికి పోయాను. వాకిట్లో అడుగుపెట్టి అక్కడే ఆగిపోయాను. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. ముందురోజే ఎర్రమన్ను పిసికి పగుళ్లన్నీ పూడ్చి, పైన సున్నం కొట్టింది మా అవ్వ. గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు. ఒక్క మా ఇల్లే కాదు, వాడంతా అంతే.

"ఇదేం పని అవ్వా?"

"సార్లు వస్తుండ్రు గద బిడ్డా. పలిగిన గోడలు వెట్టుకొని మనుషులను ఇంట్లకు పిలుస్తమా? మనకు జర ఇజ్జత్ లేదా?"

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. గోడలో నా అరచేయి దూరేంత పగులుండేది. ఇంకో గంటలో కమిషనర్ వస్తాడు. వాడకట్టు ఆడవాళ్లంతా తలంటుకుని, ఉతికిన చీరలు కట్టుకుని నిలబడ్డారు, పెళ్లిచూపులకు నిలబడ్డట్టు.

కమిషనర్ వచ్చాడు. వెంట గని ఇంజనీరు. బయటి అధికారులు వచ్చినప్పుడు మందు పేల్చరు కాబట్టి, ఆ రోజు సైరన్ మోగదని ఊరంతటికీ ముందే తెలుసు. గాలికి తలుపు కొట్టుకోకుండా అవ్వ ఓ రాయి ఆనించి ఉంచుతుంది. బాపు తొడ విరిచిన రాయే. కమిషనర్ దాన్ని దాటుకుంటూ లోపలికి వచ్చాడు. మంచి మనిషే, బాపుకు నమస్కారం పెట్టాడు, చాయ్ తాగాడు. గోడలన్నీ చూసి, "ఇల్లు బాగానే ఉందమ్మా," అన్నాడు.

"అంత మీ దయ సారూ," అంది మా అవ్వ. ఎవరు మెచ్చుకున్నా అదే మాట అంటుంది.

అంతే. మూలనున్న గడ్డపార నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు. బాపు మంచం పక్క గోడలో పగులుండిన చోట బలంకొద్దీ పొడిచాను. సున్నం పెళ్లలు బాపు మొహం మీద రాలాయి. మళ్లీ పొడిచాను. "చూడుండ్రి! గిది జూడుండ్రి!" అని అరుస్తున్నాను. అవ్వ వెనకనుంచి నా జుట్టు పట్టి లాగింది. విదిలించుకునేసరికి గడ్డపార మొన ఆమె మణికట్టు చీరేసింది. కొత్త సున్నం మీద నెత్తురు గీతలా పడింది. ఆ చేత్తోనే నా చెంప పగలగొట్టింది. ఇంజనీరు ఫోన్ ఎత్తి అంతా వీడియో తీస్తున్నాడు.

కమిషనర్ రాయి దాటుకుంటూ బయటికి నడిచాడు.

రిపోర్టు నకలు మా షాపుకే జిరాక్సుకు వచ్చింది. "వాది కుమార్తె గడ్డపారతో పొడవగా ఏర్పడిన పగులు మినహా గోడలు దృఢముగా ఉన్నవి." అబద్ధం ఒక్కటీ లేదు. రోజంతా ఇలాంటి వాక్యాలే కొట్టి బతికే నేను, ఈ వాక్యం చదివి బాత్రూంలోకి పోయి గోడకేసి తల బాదుకున్నాను. అవ్వ సున్నం వేసి పగులు దాస్తే, నేను గడ్డపార పట్టి దాన్ని నా పేరు మీద రాయించుకున్నాను. ఇద్దరం కలిసి బాపును ఆ గోడ కిందే వదిలేశాం.

వాయిదా రోజు అవ్వ తువ్వాలలో మూట కట్టుకుని వచ్చింది. గేటు దగ్గర జవాను ఆపాడు.

"మూటల ఏముందవ్వా?"

"రాయి."

"రాయితోని లోపలికి పోనియ్య. ఎవలకన్న తాకితే?"

"తాకినంకనే తెచ్చిన బిడ్డా."

జవాను ఆమె మణికట్టు మీది కట్టును చూశాడు, రాయిని చూశాడు. లోపలికి మాత్రం పోనియ్యలేదు. రాయి గేటు దగ్గరే, లోపలికి తేగూడని వస్తువుల పక్కన ఉండిపోయింది.

మా కేసు పిలిచేసరికి ఒకటిన్నర దాటింది. అవతలి వకీలు రిపోర్టు చదివాడు. జడ్జిగారు నావైపు చూసి, "గోడ పొడిచింది మీరేనా?" అని అడిగారు. "నేనే సార్," అన్నాను. రిపోర్టు మీద అభ్యంతరాలుంటే రాసివ్వమని, మూడు వారాలకు వాయిదా వేశారు. విసుక్కోలేదు, కేకలెయ్యలేదు. పేరు పిలిచిన దగ్గర్నుంచి మేం బయటికి వచ్చేదాకా ఒక చాయ్ తాగేంత సేపు పట్టిందేమో.

వరండాలో అవ్వ నా కొంగు పట్టుకుంది. "ఏమన్నడు?"

"మూడు వారాలకు మళ్ల రమ్మన్నడు."

"మరి ఇయ్యాల రెండు గంటలది?"

గంగాళం పట్టుకోవడానికి పక్కింటి చిన్నమ్మను ఇంట్లో కూర్చోబెట్టి వచ్చాం. ఆమెకే ఫోన్ చేశాను. వెనక అప్పటికే సైరన్ మోగుతోంది.

"గంగాళం వద్దంటుండు బిడ్డా," అంది చిన్నమ్మ ఏడుస్తూ. "దాన్ని నా నెత్తి మీద వెట్టిండు. నన్ను తోటకు పొమ్మని ఒకటే లొల్లి. నిన్ను మాట్లాడుమంటుండు."

ఫోన్ బాపు చేతికి వచ్చింది. సైరన్ ఆగింది. ఆయన ఆయాసం వినబడుతోంది. అవ్వ చెవి ఆనించడానికి నన్ను ఆనుకుని నిలబడింది.

"బిడ్డా, నువ్వు, మీ అవ్వ, బయటనే ఉన్నరా?"

"ఉన్నం బాపూ."

"చిన్నమ్మను గూడ పంపిన. గిప్పుడే వాకిలి దాటింది. ఇగ అందరు బయటనే ఉన్నరు."